కొట్టివేతల టీచర్

సంచి అడుగున దుప్పటి పరిచి, దాని మీద బట్టలు పేర్చి, పక్కన మందుల డబ్బా ఇరికించాక టీచర్ మళ్ళీ అన్నీ బయటికి తీసింది. మందులు పైన ఉండాలి. దారిలో ఏదైనా అయితే అడుగు నుంచి ఎవరు వెతికి తీస్తారు? మరిది మంచివాడే గానీ కంగారు మనిషి. ఈ సర్దుడంతా కిటికీ దగ్గర కుర్చీలో కూచున్న అత్తగారు చూస్తోంది. చూస్తున్నట్టు తెలియకుండా చూడటం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య.

“శాలువా పైన ఉంటే మంచిది. కారులో చలేస్తుంది,” అంది ఆవిడ, కిటికీ ఊచలతో.

టీచర్ శాలువా మడిచి పైన పెట్టింది.

ఆ ఇంట్లో మాటలకి ఎప్పుడూ ఎవరి పేరూ ఉండదు. టీ చల్లారిపోతోంది అని ఒకరంటారు. తలుపు గడియ సరిగ్గా పడినట్టు లేదు అని ఇంకొకరంటారు. గోడకి చెప్పినట్టు చెబుతారు, పని మాత్రం జరిగిపోతుంది. టీచర్ భర్త బతికున్నన్నాళ్ళూ ఈ మాటలు మోసే పని ఆయనది. ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ కూచునే ఉండేవారు. “మీ అమ్మగారికి చెప్పండి, ఉప్పు నేను రెండుసార్లు వేయలేదని.” “మీ ఆవిడకి చెప్పరా, నా నాలిక ఇంకా బాగానే పనిచేస్తోందని.” ఆయన మధ్యలో కూచుని అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి, ఘాటు కాస్త తగ్గించి అప్పజెప్పేవాడు. ఇద్దరికీ ఆయనంటే ప్రాణం. ఆయన ఒకరోజు ఆఫీసులో ఫైలు చూస్తూ చూస్తూ బల్ల మీదికి ఒరిగిపోయాడు. మాటలు మోసే మనిషి పోయాడు, ఆడవాళ్ళిద్దరూ మిగిలారు.

పోయిన ఆదివారం మరిది ఫోన్ చేశాడు. అమ్మని తన దగ్గరికి తీసుకుపోతానన్నాడు. వదిన పొద్దున బడికి పోతే సాయంత్రానికి గానీ రాదు, అమ్మ గుండె చూస్తే అంతంత మాత్రం, తన ఇంట్లో అయితే ఎవరో ఒకరు ఎప్పుడూ ఉంటారు అన్నాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు. టీచర్ “అత్తయ్య ఇష్టం” అని ఫోను ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ “మీ వదిన ఎలా అంటే అలా” అని ఫోను పెట్టేసింది. మరిది అది సరే కిందే లెక్క వేసుకుని, శుక్రవారం సాయంత్రం కారు తెస్తానన్నాడు. ఈ రోజే శుక్రవారం.

ఉండిపోండి అని ఒక్క మాట అనాలని టీచర్‌కి ఆదివారం నుంచీ ఉంది. గది గుమ్మం దాకా పోతుంది, మందుల సంగతేదో అని తిరిగొచ్చేస్తుంది. కన్నకొడుకు రమ్మంటుంటే వద్దనడానికి తనెవరు? మధ్యలో మనిషి పోయాక కోడలు ఏమవుతుంది, అత్త ఏమవుతుంది? అయినా ఆవిడకి ఇక్కడేం ముడిపడి ఉందని ఉండమనాలి. కొడుకు దగ్గర మనవలుంటారు, మాట్లాడే మనుషులుంటారు. ఇలా ఒక్కొక్కటే తనకి తానే చెప్పుకుంటూ, నిన్న రాత్రి అటక మీంచి సంచి దించి దుమ్ము దులిపింది. పని పెట్టుకుంటే ఆలోచన రాదనుకుంది. ఆ దులిపే చప్పుడు పక్కగదిలోకి వినబడుతుందని మాత్రం తోచలేదు.

బయల్దేరుతూ గుమ్మంలో నిలబడి చెప్పులు వేసుకుంది. ఇప్పుడైనా అనొచ్చు. “మధ్యాహ్నం మాత్ర మరిచిపోకూడదు,” అంది చెప్పుల వంక చూస్తూ.

“ఇవాళొక్కరోజే కదా. రేపణ్ణుంచీ గుర్తుచేసేవాళ్ళు బోలెడుమంది,” అంది అత్తగారు.

టీచర్‌కి ఆ మాట ముల్లులా దిగింది. చూశావా, వెళ్ళాలనే ఉంది ఆవిడకి అనుకుంటూ మెట్లు దిగిపోయింది.

బడిలో ఆమెని పిల్లలు కొట్టివేతల టీచర్ అంటారు. ఆమెకా సంగతి తెలుసు, తెలియనట్టు ఉంటుంది. సన్నగా, కాస్త ముందుకి వంగి, ఎడమచేతి చిటికెన వేలి గోరు ఎప్పుడో ఆమ్లం పడి పసుపు రంగుకి తిరిగి, ముక్కు చివర కళ్ళజోడుతో ఉంటుంది. బడిలో ఎర్ర సుద్దముక్క వాడేది ఆమె ఒక్కతే. ఏళ్ళ తరబడి ఒకే రసాయనశాస్త్రం, అందులోనూ ఆమెకి పేరు తెచ్చిపెట్టిన పాఠం ఒకటే. రెండు ద్రావణాలు కలిపితే అందులో నిజంగా మారేవి ఏవి, ఊరికే చూస్తూ కూచునేవి ఏవి అని తేల్చే పాఠం.

పొద్దుటి తరగతిలో ఆ పాఠమే. గాజు గ్లాసులో ఉప్పునీళ్ళు పోసి, అందులో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసింది. నీళ్ళు పాలు విరిగినట్టు తెల్లబడి, ఆ తెలుపు మెల్లగా అడుక్కి దిగింది. వెండీ క్లోరైడూ ఒకదాన్నొకటి పట్టుకుని కిందికి పోయాయి, సోడియమూ నైట్రేటూ నీళ్ళలో ఎలా వచ్చినవి అలాగే ఉన్నాయి అని చెప్పి, బోర్డు మీద అన్నిటినీ విడివిడిగా రాసింది. ఆ తర్వాత ఆమె పద్ధతి. ఎడమచేత్తో బాణం గుర్తుకి ఇటువైపున్న సోడియం మీద వేలు పెట్టింది, కుడిచేత్తో అటువైపున్న సోడియం మీద వేలు పెట్టింది. చేతులు రెండూ బార్లా చాపి, బోర్డుకి అతుక్కుపోయినట్టు నిలబడి, “అటూ ఇటూ ఒకేలా ఉందా?” అని అడిగింది.

“ఉంది టీచర్,” అంది తరగతి మొత్తం.

“ఏమైనా మారిందా?”

“లేదు టీచర్.”

అప్పుడు గానీ ఎర్ర సుద్దతో గీత పడదు. ముందు వేలు పెట్టి చూడకుండా ఎవరైనా కొట్టేస్తే ఆమె ఊరుకోదు, పాపం దాన్ని కనీసం ఒకసారి చూసైనా పంపించండి అంటుంది. పిల్లలు నవ్వుతారు. ఇటూ అటూ కొట్టేయగా మిగిలిందే నికర సమీకరణం. జరిగిన సంగతి అంతా అందులో ఉంటుంది, చూస్తూ కూచున్నవాటి ఊసు ఉండదు. వాటిని పుస్తకంలో ప్రేక్షక అయాన్లు అంటారు.

వెనక బెంచీ అమ్మాయి ఒకతి, కొట్టేసినవి తర్వాత ఏమైపోతాయని అడిగింది. ఏమీ కావు, ఆ నీళ్ళలోనే ఉంటాయంది టీచర్. రెండూ ఒక్క నీళ్ళలోనే ఉంటాయి కదా, మరి ఒకదాన్నొకటి పట్టుకోవా అంది ఆ పిల్ల. పట్టుకోవు, దగ్గరకొస్తాయి మళ్ళీ దూరం జరుగుతాయి, అంతే అని టీచర్ చెప్పింది. ప్రతి ఏడూ చెప్పే జవాబే అది. ఈసారి చెబుతుంటే మాత్రం కిటికీ దగ్గర కుర్చీ కళ్ళ ముందుకొచ్చింది. డస్టర్ తీసుకుని బోర్డు తుడిచేసింది.

భోజనాల వేళ లెక్కల టీచర్ డబ్బా విప్పుతూ, ఇవాళ్టితో మీకు విడుదలన్నమాట అంది. ఇక పొద్దున్నే లేవక్కరలేదు, సెలవుల్లో ఎక్కడికైనా పోవచ్చు, రాత్రి పది దాటినా టీవీ పెట్టుకోవచ్చు, అడిగేవాళ్ళుండరు అని ఊరించింది. మంచి మనసుతోనే అంది. టీచర్ నవ్వి, అవునండీ అంది. అడిగేవాళ్ళుండరు అన్న మాట దగ్గర తన డబ్బాకి మూత పెట్టేసింది.

భర్త పోయిన కొత్తల్లో ఆమె తిండి మానేసింది. మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉండేది. అత్తగారు రోజూ రెండుపూటలా పళ్ళెం తెచ్చి స్టూలు మీద పెట్టి, “పోయినవాడి మీద కోపం అన్నం మీద చూపిస్తే వాడేమైనా వస్తాడా,” అని పైకప్పుతో అనేది. పోయింది ఆవిడ పెద్దకొడుకు. ఆవిడ ఏడవగా టీచర్ చూడలేదు. కానీ రాత్రుళ్ళు పక్కగదిలో రేడియో ఏ స్టేషనూ పట్టకుండా బరబరమంటూ ఉండేది, ఆ చప్పుడు చాటున ఏడ్చేదేమో. తన దుఃఖం దాచుకుని కోడలికి పళ్ళెం పెట్టిన మనిషికి, ఆ సంగతి తెలుసు అని కూడా టీచర్ ఎన్నడూ చెప్పలేదు.

మధ్యాహ్నం రెండో సెక్షన్. ఎండ బోర్డు మీద సగం పడుతోంది. ఈ తరగతికి ఉప్పునీళ్ళ సంగతి నిన్ననే అయిపోయింది, ఇవాళ వెనిగరూ కాస్టిక్ సోడా. ఇది అసలైన చిక్కు ఉన్న లెక్క. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం బలహీనమైనది. అంటే నీళ్ళలో పడ్డా అది చాలావరకు విడిపోదు. అందులో ఉన్న హైడ్రోజనూ ఎసిటేటూ ఒకదాన్నొకటి వదలవు. అందుకని దాన్ని ముక్కలు చేయకుండా ఒక్కటిగానే రాయాలి. ఏటా సగం తరగతి ఇక్కడే బోర్లా పడుతుంది. మిగతా ఆమ్లాల్లాగే దీన్నీ రెండుగా విడగొట్టి రాసేస్తారు. అలా రాశాక ఎసిటేట్ అటూ ఇటూ ఒకేలా కనబడుతుంది. ఇంకేముంది, చూస్తూ కూచునేదే అనుకుని కొట్టేస్తారు. నిజానికి ఆ జరిగేదంతా దానికే జరుగుతోంది. ఈ తప్పు కోసం టీచర్ ఏటా పరీక్ష పేపర్లలో కాచుక్కూచుంటుంది.

ఆమె బోర్డు మీద రాయడం మొదలుపెట్టింది. రాస్తూ గోడగడియారం వైపు చూసింది. ఈపాటికి మాత్ర వేసుకుని ఉంటుందా? మరిది బయల్దేరి ఉంటాడు. రాసింది, విడగొట్టింది, అటో వేలూ ఇటో వేలూ పెట్టింది. “ఒకేలా ఉందా?” అంది. పిల్లలు ఎప్పటిలా “ఉంది టీచర్” అనలేదు. ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఆమె ఆగకుండా ఎర్రగీత కొట్టేసింది. ఎసిటేట్ అటొకటి, ఇటొకటి పోయింది.

మధ్య బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. ఎప్పుడూ నోరు మెదపని పిల్ల.

“టీచర్, అది విడిపోదు కదా.”

“ఏది?”

“ఎసిటిక్ ఆమ్లం. నిన్న మీరే చెప్పారు. అది విడిపోలేదు, మనమే విడగొట్టి రాసి, మనమే కొట్టేస్తామని.”

టీచర్ బోర్డు వైపు తిరిగింది. తన చేతిరాత, తన ఎర్రగీతలు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఈ తప్పు ఆమె చేతి నుంచి రాలేదు. డస్టర్ కోసం చూడకుండా అరచేత్తో తుడిచింది. “నువ్వు చెప్పిందే కరెక్టమ్మా, కూచో,” అంది. మళ్ళీ రాసింది, ఈసారి విడగొట్టకుండా. రాశాక సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పిల్లలు నోట్సు రాసుకుంటున్న చప్పుడు వినబడుతోంది. మధ్యలో మనిషి పోయాడు కనక తామిద్దరం విడిపోయినట్టేనని ఎవరు రాశారు? ఆవిడ రాయలేదు. ఆవిడ మీ వదిన ఎలా అంటే అలా అని, ఆ నిర్ణయం తెచ్చి తన చేతిలో పెట్టింది. అటక మీంచి సంచి దించింది తను. ముసలావిడ కళ్ళెదుట బట్టలు మడిచింది తను. అంత సర్దుతుంటే ఆవిడ ఇంకేమనుకుంటుంది? రేపణ్ణుంచీ బోలెడుమంది అని, అలా కాక ఇంకెలా అంటుంది?

ఎర్ర అరచెయ్యి కొంగుకి తుడుచుకోవడం కూడా మరిచి, ప్రధానోపాధ్యాయురాలి గదికి పోయి, చివరి పిరియడ్ వదిలేసి వెళతానని అడిగింది. ఎప్పుడూ అడగని మనిషి అడిగేసరికి ఆవిడ కారణం కూడా అడక్కుండా సరేనంది.

బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. దారి పొడుగునా ఆ మాట కూడబలుక్కుంది. ఉండండి అత్తయ్యా అంటే చుట్టాలని ఆపినట్టుంటుంది. వెళ్ళడానికి వీల్లేదు అంటే పెత్తనం చేసినట్టుంటుంది, ఆవిడకి తన పెత్తనం తప్ప ఇంకెవరి పెత్తనమూ గిట్టదు. పగలు ఒక్కరూ ఎలా ఉంటారంటే కింది వాటాలో నర్సు ఉంది, మధ్యాహ్నం ఒకసారి తొంగి చూడమంటే కాదనదు. మరిది నొచ్చుకుంటే నొచ్చుకోనీ, నెలకోసారి వచ్చి చూసిపొమ్మంటే సరి. అన్నీ కుదురుతున్నాయి. ఇంత సులువైన పనికి ఆదివారం నుంచీ తల బద్దలు కొట్టుకున్నందుకు తనని తానే తిట్టుకుంది. బస్సు దిగేసరికి మాట దొరికింది. మీ ఇష్టం అన్నాను గానీ నా ఇష్టం చెప్పలేదు. ఇది బాగుంది. ఇది అనొచ్చు.

మెట్లు గబగబా ఎక్కి, పై మెట్టు మీద ఊపిరి తీసుకోవడానికి ఆగింది. తలుపు దగ్గరగా వేసి ఉంది. అత్తగారు కుర్చీలోనే ఉంది. శాలువా సంచిలోంచి తీసి కప్పుకుంది. తల కిటికీ వైపు వాలి ఉంది, కళ్ళు మూసుకుని ఉన్నాయి. సంచి కాళ్ళ దగ్గర, టీచర్ పెట్టిన చోటే ఉంది. కునుకు తీస్తోందనుకుంది. నిద్రపోతున్న మనిషికి చెప్పడం ఒక విధంగా తేలిక అనిపించింది. చెప్పులు విప్పి, స్టూలు లాక్కుని, కుర్చీకి ఎదురుగా కూచుంది. అంత దగ్గరగా, ఎదురెదురుగా ఆవిడ ముందు కూచోవడం అదే మొదలు.

“అత్తయ్యా,” అంది. “మీ ఇష్టం అన్నాను గానీ నా ఇష్టం చెప్పలేదు. మీరు వెళ్ళొద్దు. ఇక్కడే ఉండిపోండి.”

అత్తగారు పలకలేదు. కోపం ఇంకా తగ్గలేదు కాబోలు, కళ్ళు తెరవకుండా సాధిస్తోంది అనుకుంది. ఆ సాధింపు కూడా ఆమెకి ముద్దొచ్చింది.

“సంచి సర్దింది నేనే, బుద్ధి లేక. మీరు వెళ్ళిపోతే నాకు ఇంటికి రావాలనిపించదు అత్తయ్యా. మీరు గోడతో మాట్లాడినా ఫరవాలేదు. నాకు వినబడితే చాలు.”

అని, ఒళ్ళో ఉన్న చెయ్యి పట్టుకుంది. ఎర్రసుద్ద అంటిన తన వేళ్ళ మధ్య ఆ చెయ్యి చల్లగా ఉంది. ఆ చల్లదనం ఏమిటో ఆమెకి తెలుసు, భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు తెలిసింది. అయినా వదలకుండా, వేడెక్కుతుందేమోనన్నట్టు రెండు చేతులతో రుద్దింది. చాలాసేపు రుద్దింది. తర్వాత ఆ మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చింది. పెద్దగా ఏడవలేదు. అత్తయ్యా అత్తయ్యా అని, ఇన్నేళ్ళు పిలవనిదంతా ఒక్కసారే పిలిచింది.

పిలిస్తే కింది వాటా నర్సు వచ్చి చూసి, రెప్పలు సరిచేసి, మధ్యాహ్నమే అయివుంటుందమ్మా, బాధపడి ఉండరు, నిద్రలోనే పోయారు అంది. మాత్ర వేసుకున్న నీళ్ళ గ్లాసు కిటికీ గట్టు మీద ఉంది. ఎదురుగా మంచం మీద పక్క శుభ్రంగా దులిపి ఉంది. టీచర్ ఆమె చెప్పినదానికి తలూపుతూ కూచుంది.

మరిది అన్న వేళకే వచ్చాడు. మెట్ల మీదే ఎవరో చెప్పినట్టున్నారు, గుమ్మంలోకి వచ్చేసరికే అతని మొహం చెదిరిపోయి ఉంది. తల్లి కాళ్ళ దగ్గర నేలమీద కూలబడి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. టీచర్ అతని వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. కాసేపటికి అతను తేరుకుని జేబురుమాలుతో మొహం తుడుచుకున్నాడు.

“నేను రమ్మనకపోయినా బాగుండేది వదినా. ఇక్కణ్ణుంచి కదలడం అమ్మకి ఇష్టమో కాదో కూడా నేను సరిగ్గా అడగలేదు.”

“నేనూ అడగలేదు,” అంది టీచర్. “ఇవాళ చెప్పాను. ఉండిపొమ్మన్నాను.”

అతను తలెత్తాడు. ఆ కళ్ళలో కాస్త ఊరట లాంటిది కనిపించింది. “అన్నారా? మరి అమ్మ ఏమంది?”

టీచర్ అతని వీపు మీంచి చెయ్యి తీసింది. మంచినీళ్ళు తెస్తానుండు అని లోపలికి వెళ్ళింది.

వంటగదిలో చీకటి పడుతోంది. లైటు వేసి, గ్లాసు కోసం చెయ్యి చాపి ఆగిపోయింది. పొద్దున తను కడిగి బోర్లించి పోయిన గిన్నె ఇప్పుడు పొయ్యి పక్కన ఉంది. దాని మీద పళ్ళెం మూత పెట్టి ఉంది. మర్నాడు ఏం వండాలో అత్తగారు నోటితో ఎన్నడూ చెప్పేది కాదు. గింజలు నానబోసి, మూత పెట్టి, సరిగ్గా ఆ పక్కన ఉంచేది. పొద్దున్నే కోడలు మూత తీసి చూసి, అందులో ఏముంటే అది వండేది. రోజూ రాత్రి పడుకోబోయే ముందు చేసే పని అది. ఇవాళ రాత్రిదాకా ఆగలేదు.

టీచర్ మూత తీసింది. రేపటికి, ఇద్దరికి సరిపడా శనగలు. మధ్యాహ్నం నుంచీ నీళ్ళు పీల్చుకుని, బాగా ఉబ్బి, గిన్నె అంచుదాకా వచ్చి ఉన్నాయి.